సీసా మీద చీటీ

మా వంటింటి అలమరలో పై అరన హార్లిక్సు సీసా ఒకటి వుంది. అందులో వుండేది చింతపండు. దాని పక్కనున్న బోర్నవిటా డబ్బాలో ఎండుమిరపకాయలు, బిస్కట్ల డబ్బాలో సూదీ దారమూ వుంటాయి. ఇది ఒక్క మా ఇంటి ఆచారమే కాదనీ, మీ ఇంట్లో కూడా కాస్త హెచ్చుతగ్గుగా ఇదే వరస అనీ నా నమ్మకం.

మా పెళ్లయిన కొత్తలో, ఒకనాడు తెల్లవారుజామున కరెంటు లేని సమయంలో, మా ఆవిడ ‘కాఫీపొడి’ అని చీటీ అంటించి వున్న డబ్బాలోంచి నాలుగు చెంచాలు తీసి ఫిల్టరులో వేసి, మామగారికీ నాకూ చెరో గ్లాసూ ఇచ్చింది. అది ధనియాల పొడి. నాన్నగారు ఒక గుక్క తాగి, గ్లాసు నెమ్మదిగా కింద పెట్టి, “అమ్మాయ్, ఇంట్లో ఎవరికైనా జ్వరమా?” అని అడిగారు. ఆనాటి నుంచీ మా ఆవిడ చీటీలు నమ్మడం మానేసింది. మూత తీసి వాసన చూసి గాని ఏ డబ్బాలోనూ చెంచా పెట్టదు.

ఆ బుద్ధి నాకు కూడా వుండి వుంటే ఈ వారం ఈ కథ చెప్పవలసిన అవసరం వుండేది కాదు. ఇది వంటింటి డబ్బాల కథ కాదు, పాటల కథ.

మా నాన్నగారు ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టరుగా పనిచేసి రిటైరయ్యారు. పరుగెత్తే రైల్లో నిలబడి వుత్తరాలని వూళ్లవారీగా గూళ్లలో వేసే వుద్యోగం. ఆయనకున్న వ్యసనమల్లా ఒక్కటే, పాట. రేడియోలో మంచి పాట వస్తుందని తెలిస్తే టేప్ రికార్డరు ముందు పెట్టుకుని, మమ్మల్నెవరినీ దగ్గనివ్వకుండా కూర్చునేవారు. అలా ఎక్కించినవీ, కొన్నవీ, స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకుని తిరిగి ఇవ్వనివీ అన్నీ కలిసి కాసెట్లు రెండు ట్రంకుపెట్టెలు నిండాయి. 2005లో మా తమ్ముడు సెలవులకి వచ్చి, కాసెట్లకి బూజు పడుతోందని గ్రహించి, నెల రోజులు కూర్చుని అన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించాడు. వాడు పుణ్యాత్ముడు. ఎందుకంటే ఆ తరవాతి రెండు వానాకాలాల్లో కాసెట్లు పూర్తిగా చెడిపోయాయి. పెట్టెలతో సహా పారవేశాము.

ఆ పాటలకి తోడు నేను సీడీల నుంచి దింపినవీ, చుట్టాలు పెన్‌డ్రైవుల్లో తెచ్చి ఇచ్చినవీ చేరి, మొత్తం 3,840 పాటలయ్యాయి. వాటి పేర్లు చూడాలి మీరు! ‘ట్రాక్ 01’ అనే పేరుతోనే 61 పాటలున్నాయి. ‘న్యూ ఫోల్డర్’ అనే అరలు తొమ్మిది. అందులో ఒకదాని లోపల మళ్లీ ‘న్యూ ఫోల్డర్.’ ఘంటసాల గారి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో హెచ్ వున్నది ఒకటి, హెచ్ లేనిది ఒకటి, చివర దీర్ఘం కోసం రెండు ఏలు పెట్టినది ఒకటి. బాలసుబ్రహ్మణ్యం గారు ఒకచోట మూడు పొడి అక్షరాలు, ఒకచోట పూర్తి పేరు, ఒకచోట చుక్కలతో, మరొకచోట చుక్కలు లేకుండా. మనకి వీరు ఒకరే. కంప్యూటరుకి ప్రతి ఒక్కరూ వేరే మనిషి.

నాన్నగారికి ఇప్పుడు డెబ్బయ్యెనిమిదో ఏడు. చూపు ఆనదు. పాట కావాలంటే నన్ను పిలుస్తారు. నేను ఈ అడవిలో పడి వెతికి పెట్టేసరికి ఆయనకి నిద్ర వచ్చేది. అంచేత పోయిన వేసవి సెలవుల్లో ఈ భాండాగారాన్ని సర్ది తీరాలని కంకణం కట్టుకున్నాను.

మా కాలేజీలో నా దగ్గర తెలుగు చదువుకుని, తరవాత కంప్యూటర్లలో స్థిరపడిన శిష్యుడొకడున్నాడు. వాడికి ఫోను చేశాను. “మాస్టారూ, చేత్తో సర్దితే మీ సెలవులు కాదు, మీ సర్వీసు సరిపోదు. బీట్స్ పెట్టుకోండి” అన్నాడు. ఆ మాట బయటికి వినిపించి, “ఇంట్లో నాలుగు బీట్‌రూట్లు వుండగా మళ్లీ ఎందుకండీ?” అంది మా ఆవిడ.

బీట్స్ అనేది కూర కాదు, ఒక ప్రోగ్రాము. ఏడ్రియన్ శాంప్సన్ అనే ఆయన 2010 ప్రాంతంలో మొదలుపెట్టారు. తరవాత ఎందరో తలా ఒక చెయ్యి వేశారు. ఎవరైనా వుచితంగా వాడుకోవచ్చు. అయితే ఇందులో రంగురంగుల బొమ్మలూ, నొక్కడానికి బొత్తాలూ వుండవు. నల్లటి తెర మీద మనం ఒక ఆజ్ఞ టైపు చేస్తాము. అది కిందిలైనులో జవాబు చెబుతుంది. ఈ పద్ధతిని కమాండ్ లైన్ అంటారు. నాన్నగారు నా వెనక నిలబడి కాసేపు చూసి, “టెలిగ్రాఫు ఆఫీసు లాగా వుందిరా” అన్నారు. ఆయన మాట నిజమే. మాటలు తక్కువ, పని ఎక్కువ.

ఇక్కడ ఒక చిన్న సంగతి విన్నవించాలి. పాటకి పేరు ఎక్కడ వుంటుంది? పైకి కనిపించే ఫైలు పేరు ఒకటి. అది సీసా మీది చీటీ. అది కాక పాట లోపలే మరొక చీటీ దాగి వుంటుంది. దాన్నే ట్యాగు అంటున్నారు. ఎం.పి.3 పాటలకి ఈ లోపలి చీటీని 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఏర్పాటు చేశారు. పాట పూర్తయిన తరవాత, తోకన, సరిగ్గా 128 బైట్ల చోటు. అందులో పాట పేరుకి 30, పాడినవారికి 30, ఆల్బముకి 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకి మరో 30, పాట ఏ తరహాదో చెప్పడానికి ఒకటి, ‘ఇది చీటీ సుమా’ అని హెచ్చరించడానికి మూడు.

తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి గనక, ఇది వినగానే నాకు మన కావ్యాల ఆశ్వాసాంత గద్య జ్ఞాపకం వచ్చింది. ఆశ్వాసం ముగియగానే కవి తన పేరూ, తండ్రి పేరూ, కావ్యం పేరూ, అది ఎన్నో ఆశ్వాసమో ఒక వచనంలో చెప్పి మరీ ముగిస్తాడు. తాటాకులు ఎన్ని చేతులు మారినా కర్త ఎవరో తెలియడానికి అదొక ఆధారం. వాగ్గేయకారులు ఇంకా జాగ్రత్తపరులు. త్యాగరాజస్వామి పేరు కీర్తన చరణంలోనే వుంటుంది. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడుంటాడు. ఆ ముద్ర సీసా మీద అంటించినది కాదు, లోపలి పదార్థంలో కలిసిపోయినది. ఎవరు పీకినా వూడదు.

ఆ 30 బైట్లు ఇంగ్లీషువాళ్లకే ఇరుకు. ఇక మన సంగతి చెప్పాలా? నేడు వాడుకలో వున్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, దాని గుణింతానికి మరో మూడు పడతాయి. ‘సాలూరి రాజేశ్వరరావు’ అని రాయబోతే 55 బైట్లు కావాలి. పేరు సగంలో తెగిపోతుంది. అదృష్టవశాత్తు 1998లో రెండో పద్ధతి వచ్చింది. చీటీ తోక నుంచి పాట ముందుకి వచ్చింది, చోటుకి లోటు లేకుండా పోయింది. ఇప్పుడు నిశ్చింతగా తెలుగులోనే రాసుకోవచ్చు.

ఇక బీట్స్ చేసే పని ఏమిటంటే, మనం ఒక అర చూపించి ‘బీట్ ఇంపోర్ట్’ అని ఆజ్ఞ ఇస్తాము. అది ఆ అరలో పాటలెన్ని, ఇప్పుడున్న పేర్లేమిటి, ఒక్కొక్కటి ఎన్ని నిమిషాలు అని చూసుకుని, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే మహా జాబితాని వెళ్లి అడుగుతుంది. ప్రపంచం నలుమూలలా వున్న సంగీతాభిమానులు జీతం బత్తెం లేకుండా రాసి పెడుతున్న జాబితా అది. అందులో ప్రతి కళాకారుడికీ 36 అక్షరాల గుర్తు ఒకటి ఇస్తారు. పేరు ఎవరు ఎలా రాసినా గుర్తు మారదు.

ఈ మాట చెప్పగానే నాన్నగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. “పిన్‌కోడన్నమాట! 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చిందాకా మా అవస్థ ఏమిటనుకున్నావు? కొత్తపేట అని రాసి డబ్బాలో పడేసేవాళ్లు. దేశంలో ఎన్ని కొత్తపేటలు! ఆరు అంకెలు వచ్చాక కదా మాకు వూపిరి సలిపింది” అన్నారు. నేను పుస్తకాలు చూసి గంటసేపట్లో అర్థం చేసుకున్నది ఆయన ఒక్క మాటలో పట్టేశారు.

జాబితాలో పోలిక దొరికితే, నూటికి ఎన్ని వంతులు కలిసిందో బీట్స్ చెబుతుంది. సాధారణంగా 96 వంతులు గాని ఆ పైన గాని కలిస్తే, మనం కట్టడి చేయకపోతే, అడగకుండానే కొత్త చీటీ అంటించేస్తుంది. తక్కువైతే ఏ పాటకి ఏ పేరు పెట్టబోతోందో వరసగా చూపించి, మన సెలవు అడుగుతుంది. ఎ నొక్కితే ఒప్పుకున్నట్టు. యు నొక్కితే వున్నదున్నట్టు వుంచమని. ఎస్ నొక్కితే దీని జోలికి పోవద్దని. బి నొక్కితే ఇవాళ్టికి ఇంతటితో చాలని.

మొదటి రెండు రోజులూ నా ఆనందానికి మేర లేదు. పేర్లు మారుతున్నాయి, పాటలు వాటి వాటి అరల్లోకి వెళ్లి కూర్చుంటున్నాయి. దేవదాసు అనే పేరుతో 1953లో ఒక చిత్రం, 1974లో ఒకటి, 2006లో ఒకటి వచ్చాయి. మా ఇంట్లో మూడింటి పాటలూ ఒకే అరలో కలిసి తాగుతున్నాయి. ఒకే పేరుగల ఆల్బములు ఒకచోట తగిలితే సంవత్సరం వంటి గుర్తు చేర్చి విడదీసే వుపాయం బీట్స్‌లో వుంది. ముగ్గురు దేవదాసులకీ మూడు గదులు ఏర్పడ్డాయి.

అయితే కొన్ని చిక్కులు యంత్రానివి కావు, మనవి. సినిమా పాటకి ‘ఆర్టిస్టు’ ఎవరు? పాడినవారా, వరుస కట్టినవారా, రాసినవారా? ఆ గడిలో గాయకుల పేరే వుంటుంది. పింగళి నాగేంద్రరావు గారి పేరు మా 3,840 పాటల్లో ఎక్కడా లేదు. రచయితకి వేరే గడి వుంది, ఎవరూ నింపరు. సంగీతం గడి నింపడమూ అంత సులభం కాదు. 1957లో వచ్చిన మాయాబజార్ చూడండి. సంగీతం ఘంటసాల గారని తెర మీద వుంటుంది. కాని అందులో నాలుగు పాటలకి వరుసలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావు గారు. ఆయన మధ్యలో తప్పుకోగా, ఆ వరుసలకి వాద్యగోష్ఠి కూర్చి రికార్డు చేయించి, తక్కిన పాటలకి తానే వరుసలు కట్టి పూర్తి చేసినవారు ఘంటసాల గారు. ఒక పేరు పట్టే గడిలో ఇద్దరి శ్రమ ఎలా పడుతుంది? రెండో పేరు కూడా చేత్తో చేర్చాను. ఆ రాత్రి పెద్ద పరిశోధన చేసినవాడిలాగా నిద్రపోయాను.

మూడో రాత్రి నా గర్వం దిగిపోయింది.

మా శిష్యుడు మొదటే రెండు మాటలు చెప్పాడు. ‘మొత్తం పాటలు వేరే డిస్కులోకి ఒక నకలు తీసుకున్నాక మొదలుపెట్టండి’ అన్నది ఒకటి. బీట్స్ మామూలుగా అసలు పాటని వున్నచోటే వుంచి దాని నకలుని సర్దుతుందనీ, ‘మూవ్’ అని పెట్టుకుంటే మటుకు అసలుదాన్నే జరిపేస్తుందనీ, ఆ జోలికి పోవద్దనీ రెండోది. మా డిస్కులో చోటు లేదు. కొత్తది కొనడానికి నాకు చెయ్యి రాలేదు. పైగా శిష్యుడి మాట వినడం గురువులకి అలవాటు తక్కువ. ‘మూవ్’ అనే పెట్టుకున్నాను.

పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లకి ఒక సంగతి తెలుసు. మొదటి పది పేపర్లూ మనిషి దిద్దుతాడు. అర్ధరాత్రి వేళ నూరో పేపరు దగ్గర చెయ్యి దానంతటది మార్కులు వేస్తుంది. నేను ఆ రాత్రి పదకొండు దాటాక తెర మీద ఏం వుందో చదవడం మానేశాను. ఎ, ఎ, ఎ అని నొక్కుకుంటూ పోయాను.

ఆ వచ్చే శుక్రవారం సాయంకాలం, దీపం పెట్టే వేళ, నాన్నగారు పిలిచి, “ఏరా, మీ అమ్మ హారతి పెట్టు” అన్నారు.

మా అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆవిడ సంగీతం నేర్చుకోలేదు. నలుగురిలో పాడమంటే లోపలికి వెళ్లిపోయేది. 1988లో శ్రావణ శుక్రవారం నాడు వరలక్ష్మీ వ్రతం చేసుకుని మంగళహారతి పాడుతూంటే, నాన్నగారు ఆవిడకి తెలియకుండా టేప్ రికార్డరు నొక్కారు. బజారులో కొన్న భక్తిపాటల కాసెట్టు ఒకటి చేతికి తగిలితే, దాని చివర మిగిలిన ఖాళీలో ఎక్కించేశారు. తరవాత తెలిసి అమ్మ కోప్పడింది. ఆవిడ గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క పాటే. మా తమ్ముడు దానికి ‘అమ్మ హారతి’ అని పేరు పెట్టాడు. నాన్నగారు శుక్రవారం శుక్రవారం అది వింటారు.

నేను నల్ల తెర ముందు కూర్చుని ‘బీట్ ఎల్ ఎస్’ అని కొట్టి, పక్కన ‘అమ్మ’ అని రాశాను. దుర్గమ్మ, కనకమ్మ, ముత్యాలమ్మ అందరూ వచ్చారు. మా అమ్మ రాలేదు. ‘హారతి’ అని రాశాను. సినిమా హారతులు వచ్చాయి. అప్పుడు నా కాళ్లు చల్లబడ్డాయి.

జరిగింది వూహించడం కష్టం కాదు. ఆ కాసెట్టు అరలో పది పాటలున్నాయి: కొన్నవి తొమ్మిది, అమ్మది ఒకటి. జాబితాలో పది పాటల ఆల్బము ఏదో దానికి తగిలింది. తొమ్మిదింటి పేర్లు కలిశాయి. మిగిలిన పదో చీటీని మిగిలిన పదో పాటకి అంటించనా అని అది నన్ను అడిగే వుంటుంది. పేరు కలవలేదనీ, నిడివి కలవలేదనీ చూపించే వుంటుంది. నేను ఎ నొక్కాను. తప్పు యంత్రానిది కాదు. అది అడిగింది, నేను చదవలేదు.

ఎన్నో గంటలు ఎ నొక్కుకుంటూ పోయినవాణ్ణి, ఆ అర ఏదో, ఆ ఆల్బము పేరేమిటో నాకు గుర్తులేదు. పాట ఇంట్లోనే వుంది. మరొకరి పేరుతో వుంది. కాసెట్టు లేదు, నకలు లేదు, తమ్ముడి పాత కంప్యూటరు ఏనాడో పాతసామాన్లవాడి బండెక్కింది.

నాన్నగారితో అబద్ధం చెప్పలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. కాస్సేపు వూరుకుని, “ఎంతసేపు పాడింది మీ అమ్మ? ఆరు నిమిషాలు దాటి వుంటుంది కదూ?” అన్నారు.

ఆ ప్రశ్న నాకు దారి చూపింది. చీటీ మార్చగలం గాని పాట నిడివి మార్చలేము. బీట్స్ ఆ లెక్క కూడా రాసి పెట్టుకుంటుంది. పాతకాలపు సినిమా పాటలు చాలావరకు మూడు నిమిషాల చిల్లరలో అయిపోతాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక వైపున పట్టేది సుమారు అంతే గనక, ఆనాటి పాట ఆ కొలతకి అలవాటుపడింది. ఆరు నిమిషాలు దాటిన పాటలన్నీ చూపించమని అడిగాను. 3,840లో 212 వచ్చాయి.

ఇక వినడమే మిగిలింది. నాన్నగారు పడక కుర్చీలో, నేను కింద చాప మీద. ఒక్కొక్కటీ మొదలుపెట్టడం, రెండు క్షణాలు విని కాదనుకోవడం. ఆ లెక్కన గంటలో అయిపోవలసిన పని నాలుగు సాయంకాలాలు పట్టింది. ఎందుకంటే ఆయన కాదని వూరుకోరు. “ఇది మీ పెదనాన్న పెళ్లికి నాదస్వరం. చీటీలో ఏమని వుంది? సినిమా పేరా? మార్చు.” “ఈ గొంతు ఫలానా ఆవిడది కాదురా, వాళ్ల అక్కగారిది.” “ఇది విజయవాడ కేంద్రం నుంచి పొద్దున్నే భక్తిరంజనిలో వచ్చేది. మధ్యలో కరకరమంటోందే, అది రికార్డు దోషం కాదు. ఆ రోజు పిడుగులు పడ్డాయి.” నేను రాసుకుంటూ వచ్చాను. ఏ మహా జాబితాలోనూ దొరకని సంగతులు అవి. ఆయన దగ్గర ఇన్ని వున్నాయని నలభై అయిదేళ్లలో నేను ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

నాలుగోనాడు నూట ఎనభై ఎన్నో పాట. తెర మీద ఒక మహాగాయని పేరు వుంది. నొక్కాను. ముందుగా కుక్కరు కూత వినిపించింది. తరవాత ఎవరో పిల్లవాడు, “అమ్మా, బూరెలు ఎప్పుడు పెడతావు?” అని గునుస్తున్నాడు. ఆ పిల్లవాణ్ణి నేనే. ఆ తరవాత అమ్మ గొంతు.

మా ఆవిడ వంటింట్లోంచి గరిటె చేత్తోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. పాట పూర్తయ్యేదాకా ఎవరమూ మాట్లాడలేదు. అయ్యాక నాన్నగారు తెర మీద ఏ పేరుందో చదవమన్నారు. చదివాను. ఆయన నవ్వి, “ఆ పేరు తగిలించారంటే మీ అమ్మ లోలోపల సంతోషించేదే. అయినా ఎవరిది వాళ్లకి ఇచ్చెయ్యి” అన్నారు.

‘బీట్ మాడిఫై’ అనే ఆజ్ఞ వుంది. ఏ గడి ఎలా మారబోతోందో చూపించి, మనం సరేనన్నాకే మారుస్తుంది. ఈసారి ప్రతి అక్షరం చదివి సరేనన్నాను. పాడినది అమ్మ. సంవత్సరం 1988. కట్టినవారెవరు? ఆ హారతి అమ్మకి వాళ్ల అమ్మ నేర్పింది. ఆవిడకి కోనసీమలో అత్తవారింటి పక్కన ఎవరో ముసలావిడ నేర్పిందట. అందులో ముద్ర లేదు. మన స్త్రీల పాటలు చాలా మటుకు ఇంతే. కట్టిన తల్లి తన పేరు చెప్పుకోలేదు.

“అమ్మమ్మ పేరు రాసెయ్యమంటారా?” అని అడిగాను.

“ఎందుకు రాస్తావు? ఆవిడ కట్టిందా?” అన్నారు నాన్నగారు. “చూడు, చిరునామా తెలియని వుత్తరాన్ని మేము తోచిన వూరి సంచీలో వేసేవాళ్లం కాదు. తెలియలేదని వేరే పెట్టేవాళ్లం. వేరే పెట్టిన వుత్తరానికి ఎప్పటికైనా దారి దొరుకుతుంది. తప్పు సంచీలో పడితే ఇక అది పోయినట్టే. తెలియదని రాయి.”

ఆ గడిలో ‘తెలియదు’ అని రాశాను. బీట్స్‌లో మనకి కావలసిన కొత్త గడులు కూడా పెట్టుకోవచ్చు. ‘ఎవరి దగ్గర నేర్చుకున్నది’ అని ఒకటి పెట్టాను. అయితే అలా సొంతంగా పెట్టుకున్న గడులు బీట్స్ రాసుకునే పుస్తకంలోనే వుంటాయి గాని పాట లోపలి చీటీలోకి వెళ్లవు. ఆ పాట రేపు మరో ఇంటికి వెళితే ఈ సంగతి వెంట వెళ్లదు. అంచేత వ్యాఖ్య గడిలో కూడా రెండు వాక్యాలు రాసి పెట్టాను.

మీలో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే, అనుభవం మీద నాలుగు మాటలు మనవి చేస్తాను. ముందు ఒక నకలు తీసి మరో డిస్కులో దాచండి. డిస్కు ఖరీదు ఏమంత కాదు. ‘మూవ్’ జోలికి పోకండి. ఇంట్లో రికార్డు చేసుకున్న పాటలూ మాటలూ ఏమైనా వుంటే వాటిని ముందే వేరే అరలో పెట్టి, యంత్రానికి చూపించకండి. చూపించినా యు నొక్కండి. 96 వంతులు కలిసినా నన్ను అడక్కుండా మార్చవద్దని చెప్పే సదుపాయం కూడా వుంది. ఇంపోర్ట్ అన్న తరవాత చిన్న గీత గీసి ‘టి’ అని చేరిస్తే చాలు. పాతపాట కొత్త సీడీలో వచ్చినప్పుడు సంవత్సరం గడిలో సీడీ సంవత్సరం పడుతుంది, అది సరిచూసుకోండి. నిద్ర వస్తూంటే బి నొక్కి పడుకోండి.

అన్నిటికన్నా ముందు, ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. యంత్రం సర్దగలదు. వెతకగలదు. కాని ఎవరో ఎప్పుడో చెప్పిన పేరే అది తిరిగి చెప్పగలదు. మన ఇంటి సంగతులకి పేరు చెప్పగలిగినవాళ్లు మన ఇంట్లోనే, పడక కుర్చీలో, ఎవరైనా అడుగుతారేమోనని కూర్చుని వున్నారు.

ఈ సందడిలో వూపు మీదుండి, వంటింటి డబ్బాలకి కూడా చక్కగా చీటీలు రాసి అంటిస్తానని మా ఆవిడతో అన్నాను. “సరే గాని, ఒక్కొక్కటీ మూత తీసి చూసి మరీ రాయండి” అంది.

‘ట్రాక్ 01’లు 61 అని చెప్పానుగా. అందులో 48కి పేర్లు దొరికాయి. ఇంకా పదమూడు ‘తెలియదు’ అనే అరలో వున్నాయి. నాన్నగారు రోజూ దీపాలవేళ వాటిలో ఒకటి పెట్టించుకుని వింటున్నారు.